సీజన్ కాని రోజుల్లో సిక్కోలు తీరం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉండేది శ్రీకాకుళం టౌన్‌లో. సముద్రానికి వెళ్లేది ఎక్కువగా జనం లేని రోజుల్లో. ఆ సంగతి తెలిసిన చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. ఇన్నేళ్లలో చెప్తూ వచ్చిన జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

అసలు మన బీచ్‌లకు సీజన్ ఎప్పుడు? అన్‌సీజన్ ఎప్పుడు?

సీజన్ కార్తీకంతో మొదలవుతుంది. వనభోజనాల ఆదివారం కళింగపట్నం వెళ్తే సరుగుడు చెట్ల కింద చాప వేసుకునే జాగా కూడా దొరకదు. గాడిపొయ్యిలు, డేగిసాలు, సౌండ్ బాక్సులు, బస్సులకు బస్సులు. తర్వాత జనవరి 1, ఆ వెంటనే కనుమ, ముక్కనుమ. పండక్కి ఊరొచ్చిన వాళ్లందరూ తిరిగి వెళ్లిపోగానే తీరం ఖాళీ అయిపోతుంది.

నా లెక్కలో అన్‌సీజన్లు రెండు. సంక్రాంతి హడావుడి తగ్గాక ఉగాది దాకా ఉండేది పొడి అన్‌సీజన్. ఆకాశం తేటగా, పొద్దున చల్లగా, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఆషాఢం నుంచి ఆశ్వయుజం వరకు ఉండేది వాన అన్‌సీజన్. మబ్బులు, పెద్ద అలలు, ఎడతెగని గాలి. ఈ రెండింటికీ పోలికే లేదు, ఒకటి చూసి రెండోదీ చూశాననుకోవద్దు. ఇవి కాక కార్తీకంలో కూడా మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్తే తీరం మనదే.

ఎవరూ లేని బీచ్‌లో చూడ్డానికి ఏముంటుంది?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. పొద్దున్నే తడి ఇసుక మొదలయ్యే చోట కూర్చుని ఐదు నిమిషాలు కదలకుండా ఉండండి. ముందున్న బొరియలోంచి అగ్గిపుల్ల తలల్లాంటి రెండు కళ్లు పైకి లేస్తాయి. కాసేపు చూస్తాయి. ఆ తర్వాత పీత పక్కవాటుగా బయటికొస్తుంది. ఒకవైపు కాళ్ల మధ్య ఇసుక ముద్ద ఇరికించుకుని, నాలుగడుగులు వేసి, దాన్ని విసిరేసి మళ్లీ లోపలికి పోతుంది. మళ్లీ ఇంకో ముద్ద. ఇంటి బూజు దులిపే మనిషిలాగా ఒకటే పని. మీరు చెయ్యి కదిపితే చాలు, ఎటు పోయిందో కూడా కనపడదు. ఆదివారం జనంలో ఈ పీతలు బొరియలు దాటి రావు. చాలామంది ఖాళీ బొరియలే చూసి ఇంటికెళ్తారు.

ఇంకొకటి, ఒడ్డు నుంచి లాగే పెద్ద వల. పడవలో వలను సముద్రంలోకి తీసుకెళ్లి చుట్టు తిప్పి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకు తెస్తారు. ఇటు పదిమంది, అటు పదిమంది నడుములకు వేసుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు. చివర ఉన్నవాడు తాడు వదిలి మళ్లీ నీళ్ల దగ్గరికొచ్చి పట్టుకుంటాడు. గంటల తరబడి సాగుతుంది. ఆఖర్న వల సంచి ఇసుక మీదికి రాగానే లోపల నెత్తళ్లు, అంటే వేలెడంత చిన్న చేపలు, ఎండకు మెరుస్తూ ఒకటే కొట్టుకుంటాయి. ఒక్కోసారి అంత కష్టానికీ రెండు బుట్టలు కూడా నిండవు, ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు, వల దులుపుకుంటారు. జనం ఉన్న రోజున ఇదంతా మనకు అడ్డంగా జరుగుతున్నట్టుంటుంది. జనం లేని రోజున ఈ తీరం ఎవరిదో తెలుస్తుంది.

సూర్యోదయం మాట సరే సరి. మన తీరం వాలు ఎలాంటిదంటే ఏడాది పొడుగునా సూర్యుడు నీళ్ల మీదే పొడుస్తాడు. జూన్‌లో ఐదూ ఇరవైకే వచ్చేస్తాడు, జనవరి మధ్యలో ఆరున్నర అవుతుంది. పౌర్ణమి చంద్రుడు కూడా అటునుంచే, పొద్దు గూకే వేళకు. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాల జనం ఉంటారు. ఫాల్గుణ పౌర్ణమికి దాదాపు ఎవరూ ఉండరు.

ఏ బీచ్‌కి వెళ్లమంటారు?

మొదటిసారైతే కళింగపట్నం. టౌన్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు, గార మీదుగా దారి. వంశధార సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒకప్పటి ఓడరేవు, లైట్‌హౌస్ ఉంది. వానాకాలంలో నది ఎర్రనీళ్లు సముద్రంలోకి వచ్చి, లోపలి నీలానికీ ఈ ఎరుపుకీ మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. దాన్ని చూడ్డానికే నేను ఏటా ఆగస్టులో ఒకసారైనా వెళ్తాను.

నా మనసుకు దగ్గరైనది మాత్రం బారువ. సోంపేట దగ్గర, టౌన్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. మహేంద్రతనయ ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. రాత్రంతా వాన కురిసి వెలిసిన ఉదయం అక్కడ ఉంటే, ఒకవైపు సముద్రం, వెనక్కి తిరిగితే మహేంద్రగిరి వరస. 1,500 మీటర్ల కొండ. మామూలు రోజుల్లో మంచులోనో దుమ్ములోనో కలిసిపోయి ఉంటుంది. వాన కడిగేశాక దాని అంచు కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది. దారంతా ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలు పడిపోయిన తీరు చూసినవాళ్లకు, ఇప్పుడు నిలబడ్డ ప్రతి కొబ్బరి మొక్కా ఆగి చూడాలనిపిస్తుంది. కాపుకొచ్చే చెట్టు కావాలంటే ఏళ్లు పడుతుంది కదా.

వజ్రపుకొత్తూరు మండలంలో అక్కుపల్లి శివసాగర్ బీచ్, సంతబొమ్మాళి వైపు భావనపాడు, గార మండలంలోనే మొగదలపాడు ఉన్నాయి. మొగదలపాడులో నడక బాగుంటుంది, పొడవైన ఒడ్డు.

విజయనగరం వాళ్లకు దగ్గర పూసపాటిరేగ మండలం చింతపల్లి. అక్కడా లైట్‌హౌస్ ఉంది. రాళ్లున్న సముద్రం కాబట్టి ఓడలకు దారి చూపడానికి పాత రోజుల నుంచీ అక్కడ దీపం ఉండేది. అలా ముందుకెళ్తే చంపావతి కలిసే కోనాడ. సాయంత్రం పూట కోనాడలో పడవలు తిరిగొచ్చే వేళ చూడండి.

నీళ్లలో దిగొచ్చా?

పాదాలు, మోకాళ్ల వరకు. అంతకు మించి వద్దనే చెప్తాను, ఈత వచ్చినవాళ్లకు కూడా. సీజన్‌లో ఆదివారం పూట పోలీసులో, గజ ఈతగాళ్లో, కనీసం కేకేస్తే వినిపించే జనమో ఉంటారు. అన్‌సీజన్‌లో పరిగెత్తుకొచ్చేవాళ్లు ఉండరు. పైగా జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి గాలికి దక్షిణం నుంచి వచ్చే అలలు బలంగా ఉంటాయి.

ఒకసారి కళింగపట్నంలో నేను అలలు తక్కువగా ఉన్న చోటు చూసుకుని దిగబోతుంటే, వల బాగు చేసుకుంటున్న ఒక తాత కేకేసి ఆపాడు. "అటెల్లకు బాబూ. నురగున్నకాడ బయం నేదు, నున్నగున్నకాడే గుంజుతాది" అన్నాడు. అప్పటిదాకా నాకు తెలిసింది సరిగ్గా తల్లకిందులు. అలలు విరిగి నురుగు కట్టే చోట లోపల ఇసుక దిబ్బ ఉంటుంది, లోతు తక్కువ. రెండు నురుగుల మధ్య నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో ఒక సందులా కనిపిస్తాయి. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఆ సందులోంచే లోపలికి తిరిగి పోతాయి. చూసేవాళ్లకు అదే ప్రశాంతంగా ఉన్నట్టుంటుంది. మనుషులు కొట్టుకుపోయేది అక్కడే.

పొరపాటున అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. ఆ లాగుడు వెడల్పు తక్కువే, దాటాక అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలడానికి చూసి చెయ్యి ఊపండి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని ఉత్త చేతులతో దూకొద్దు. ఖాళీ క్యాన్, తాడు, ట్యూబ్, ఏది దొరికితే అది విసరండి. పక్క ఊరి జాలర్లను పిలవండి, 112కి ఫోన్ చేయండి.

నది కలిసే మొగల దగ్గర ఇంకా జాగ్రత్త. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువు లోతు ఉండొచ్చు. ఎగువన గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కళింగపట్నం మొగ దగ్గర ఇసుక దిబ్బల మీదకు నడిచి వెళ్లడం ప్రాణాలతో ఆట.

తుఫాను హెచ్చరిక ఉందని టీవీలో చెప్పారు. దూరం నుంచి చూసి వచ్చేస్తే తప్పేంటి?

తప్పే. కళింగపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో వాతావరణం పాడవుతోందని. మూడు అంటే ఈదురుగాలులు రేవు దాకా వస్తాయని. మొత్తమ్మీద అంకె పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. నేను ఒకటి వినగానే ప్రయాణం మానేస్తాను. అలల ఫోటో కోసం వెళ్లినవాళ్ల వల్ల అక్కడి ఊళ్లో ఖాళీ చేయించే పనిలో ఉన్నవాళ్లకు అదనపు టెన్షన్. మనకు అక్టోబర్ అంటేనే భయం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ ఆ నెలలోనే, పదకొండు, పన్నెండు తేదీల్లోనే తీరం దాటాయి. దసరా సెలవుల ప్లాన్ వేసేవాళ్లు వాతావరణ శాఖ బులెటిన్ చూశాకే బయల్దేరండి.

వేట నిషేధం టైమ్‌లో వెళ్తే చేపలు దొరుకుతాయా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవలు సముద్రంలోకి వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నియమం. ఇంజన్ లేని తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చేవి కొద్దిగా దొరుకుతాయి, ధర ఎక్కువే ఉంటుంది. బేరమాడకండి. ఆ రెండు నెలలు ఇళ్లు ఎలా గడుస్తాయో ఒక్కసారి ఊళ్లో కూర్చుని వింటే ఎవరికీ బేరమాడాలనిపించదు.

అయితే ఆ రోజుల్లో ఒడ్డున చూడాల్సింది వేరే ఉంది. పడవలన్నీ ఇసుక మీదికి లాగేసి ఉంటాయి. అడుగు గీకి రంగులు వేస్తుంటారు. కాలి బొటనవేలికి వల కన్ను తగిలించుకుని, చేతిలో దారం కండెతో చిరుగులు అల్లుతుంటారు. దగ్గర కూర్చుంటే ఏ చేపకి ఏ కన్ను వలో చెప్తారు. నెత్తళ్లకు చిటికెన వేలు దూరనంత సన్నం, వంజరానికి గుప్పెట పట్టేంత.

జూన్ 15 తర్వాత మొదటి వారంలో వెళ్తే తీరమంతా పండగలా ఉంటుంది. కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు మొక్కి పడవలు దింపుతారు.

తినడానికి ఏం దొరుకుతుంది?

బీచ్‌లో బజ్జీల బండి, ఐస్‌క్రీం బండి ఉంటాయనుకుని వెళ్లొద్దు. మామూలు రోజున ఒక టీ బడ్డీ తెరిచి ఉంటే గొప్ప. తాగునీళ్లు, టిఫిన్ టౌన్ నుంచే పట్టుకెళ్లండి.

కానీ దారిలో దొరికేవి ఉన్నాయే, అవి సీజన్‌లో వచ్చేవాళ్లకు తెలియవు. మార్చి, ఏప్రిల్‌లో ఉద్దానం వైపు జీడిమామిడి పండ్లు, పనస. మేలో ముంజలు. ఆగస్టు, సెప్టెంబర్‌లో తాటిపళ్లు. తెల్లారేసరికి చెట్టు కింద ధబ్బుమని పడి ఉంటాయి, వాసన రోడ్డు మీదికి కొడుతుంది. ఒకసారి బారువ దారిలో ఒకమ్మ నిప్పుల మీద కాల్చిన తాటిపండు తొక్క వలిచి చేతికిచ్చి, "పీచు నమిలి ఊసేయ్ నాయినా, మింగకు" అంది. మోచేతుల దాకా పసుపు కారింది. నేను ఇంతవరకు డబ్బిచ్చి కొన్న ఏ స్వీటూ దాని ముందు నిలవదు. ఇక తిరుగు ప్రయాణంలో పలాస జీడిపప్పు ఎలాగూ ఉంది.

ఆడవాళ్లం మాత్రమే వెళ్తే ఇబ్బందా? టాయిలెట్లు ఉంటాయా?

పగటిపూట, ముగ్గురు నలుగురు కలిసి, ఊరికి దగ్గరగా ఉన్న ఒడ్డుకైతే నిశ్చింతగా వెళ్లొచ్చు. మా అక్క, వాళ్ల స్కూల్ టీచర్లు అలాగే వెళ్లొస్తారు. ఊళ్లో ముందు ఒక ఇంటి దగ్గర ఆగి, పలకరించి, బండి అక్కడే పెట్టి నడుస్తారు. "పలానా వాళ్ల దగ్గరకొచ్చిన చుట్టాలు" అయిపోతే ఊరే కాపలా కాస్తుంది. తోటల లోపలికి, మొగలి పొదల వెనక్కి మాత్రం వెళ్లొద్దు. చీకటి పడకముందే బయల్దేరాలి.

టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు కట్టినవి కొన్నిచోట్ల ఉన్నాయి గానీ, అన్‌సీజన్‌లో తాళం వేసి ఉండొచ్చు. దారిలో పెట్రోల్ బంకులోనే పని చూసుకోవడం మంచిది. చెప్పులు విడవకండి. పిక్నిక్‌ల నాడు పగలగొట్టిన సీసాల ముక్కలు సరుగుడు ఆకు కింద నెలల తరబడి అలాగే ఉంటాయి. నాకు రెండుసార్లు గుచ్చుకుంది. వల లాగే వాళ్లు ఉత్త కాళ్లతో నడిచే చోటు అది, ఆ సీసాలు అక్కడ వదిలేసి వెళ్లేవాళ్లంటే నాకు చాలా కోపం.

రాత్రి ఉండొచ్చా?

టౌన్‌లోనో, టెక్కలి, పలాస, సోంపేటల్లోనో లాడ్జి తీసుకుని తెల్లవారుజామున బయల్దేరడం మేలు. ఒకసారి ఫిబ్రవరిలో తీరం పక్కనే ఉన్న ఒక రిసార్ట్‌కి ఫోన్ చేసి, డబ్బు పంపి, రాత్రి ఎనిమిదింటికి పిల్లలతో వెళ్లాం. గేటుకు తాళం. వాచ్‌మన్ కూడా లేడు, ఫోన్ ఎత్తలేదు. పక్క ఊళ్లో ఒక కుటుంబం వరండాలో పడుకోనిచ్చి, పొద్దున చోడి (రాగి) అంబలి పోశారు. అప్పటినుంచి, ముందు రోజు ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి ఫోన్ చేసి, వంటవాడు ఉన్నాడో లేడో కూడా అడిగి కదులుతున్నాను.

కారు ఇసుకలో దిగబడితే?

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. టైర్లలో గాలి సగం దాకా తగ్గించండి, చక్రాల ముందు తాటాకులో కొబ్బరి మట్టలో పరచండి, మెల్లగా ఫస్ట్ గేర్‌లో కదపండి. అసలు తారు రోడ్డు దిగకపోతే ఏ గొడవా లేదు.

తాబేళ్లు ఎప్పుడు వస్తాయి? చూడొచ్చా?

ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, అంటే దాదాపు మన పొడి అన్‌సీజన్‌లో, రాత్రివేళ ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి వంద పైచిలుకు గుడ్లు. గుంత తీసి, పెట్టి, కప్పేసి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపి ఇసుక చదును చేసి వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు. బారువ, కళింగపట్నం లాంటి చోట్ల గుడ్లను కంచె వేసి కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అటవీ శాఖ వాళ్లను అడిగితే ఏ రోజు వదులుతారో చెప్తారు, మీ ఇంట్లో పిల్లలను చూడ్డానికి తీసుకెళ్లండి. అరచేతిలో సగం కూడా ఉండని తాబేలు పిల్ల మొదటి అలకు వెనక్కి దొర్లి, లేచి, మళ్లీ నీళ్ల వైపే నడుస్తుంటే పక్కనున్న పెద్దవాళ్లు కూడా ఊపిరి బిగబట్టి చూస్తారు.

రాత్రి ఒడ్డున టార్చి, ఫోన్ లైటు, మంటలు వద్దు. పిల్లలు వెలుగు ఎటుంటే అటు పోతాయి, సముద్రం అనుకుని రోడ్డెక్కుతాయి. గుడ్లు ముట్టుకోవడం, తీసుకెళ్లడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

వాన వదలకపోతే రోజంతా వృథాయేనా?

శాలిహుండం వెళ్లండి. కళింగపట్నం దారికి దగ్గర్లోనే, వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు. 1919లో వాటిని మొదట గుర్తించింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. తడిసిన ఇటుకల మధ్య నిలబడితే కింద నది వంపు మొత్తం కనిపిస్తుంది. శ్రీకూర్మం, అరసవల్లి ఉండనే ఉన్నాయి. అరసవల్లిలో మార్చిలోనూ, అక్టోబర్ మొదట్లోనూ సూర్యకిరణాలు మూలవిరాట్టును తాకే రోజులుంటాయి, మబ్బు లేకపోతేనే. అక్టోబర్ దాటాక భావనపాడు వైపు వెళ్తే తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడకొంగలు చూసుకుని రండి.

ఒక్క రోజే ఖాళీ ఉంది. ఏం చేయమంటారు?

ఆగస్టులో ఒక బుధవారం అనుకుందాం. తెల్లవారుజామున నాలుగున్నరకు టౌన్ నుంచి బండి మీద బయల్దేరండి. గార దాటేసరికి పొలాల్లో కప్పల గోల తగ్గుతూ ఉంటుంది. ఐదున్నరకల్లా కళింగపట్నం ఒడ్డున ఉండండి. మబ్బుంటే సూర్యుడు కనపడడు, ఫర్వాలేదు, మబ్బు అంచు ఎర్రబడుతుంది. ఎనిమిదింటి దాకా పీతలు, పడవలు. పడవ ఒడ్డుకు తోస్తుంటే మీరూ ఒక చెయ్యి వేయండి, ఎవరూ వద్దనరు. ఫోటో తీయాలనిపిస్తే అడిగి తీయండి. కానాగంత చేపలు తాజాగా కనిపిస్తే కొనండి, కోసి ఇవ్వమంటే అక్కడే కూర్చున్న అమ్మలు కోసిస్తారు, వాళ్ల కూలి వాళ్లకివ్వండి. ఎండ ముదిరేలోపు శాలిహుండం. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి చింతపండు పులుసు పెట్టించండి. పట్టుకెళ్లిన ప్లాస్టిక్ సీసాలు బ్యాగులోనే ఉన్నాయో లేదో బండి ఎక్కేముందే చూసుకోండి.